కోసిన కొద్దీ పుదీనా



ఇంట్లో పుదీనా వేసినవాళ్లను కదిలిస్తే రెండు మాటల్లో ఒకటి తప్పకుండా వినిపిస్తుంది. "మొదట్లో బాగానే వచ్చిందండీ, తర్వాత ఎందుకో పోయింది" అంటారు కొందరు. "బతికే ఉంది గానీ అంతా కాడలే, ఆకు లేదు" అంటారు ఇంకొందరు. ఎండలు, నీళ్లు, తెగుళ్లు అన్నీ కారణాలే, కాదనను. కానీ నేను చూసినంతలో చాలా ఇళ్లలో పుదీనా పాడయ్యేది కోయకపోవడం వల్ల. పచ్చగా గుబురుగా పెరుగుతుంటే కత్తెర పెట్టడానికి మనసొప్పదు. అవసరం పడినప్పుడు నాలుగు ఆకులు గిల్లుకుని సరిపెట్టుకుంటాం. పుదీనా దగ్గర ఆ జాలి పనికిరాదు. దానికి నీళ్లు ఎంత అవసరమో కోత కూడా అంతే అవసరం. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ సంగతి చుట్టూనే ఉంటుంది.

మీరు వంటింట్లో ఉండి ఈ ప్రసంగం వింటుంటే, పక్కన పుదీనా కట్ట ఉంటే, ఒక కాడ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా దొర్లదు. నాలుగు పలకలు వేలికి తగులుతాయి. తులసి, మరువం, రుద్రజడ, వామాకు అన్నీ పుదీనా కుటుంబమే, వీటి లేత కాడలదీ ఇదే తీరు. ఇప్పుడు ఆకులు చూడండి. ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఒక జంట తూర్పు పడమరలకు చూస్తే, దాని పైజంట ఉత్తర దక్షిణాలకు చూస్తుంది. ఆకు కాడకు అతుక్కున్న మూలలో, గోటితో తడిమితే తెలిసేంత చిన్న మొగ్గ ఉంటుంది. ఒక్కో జంట దగ్గర రెండు మొగ్గలు. రేపటి కొమ్మలు అవే.

కొమ్మ కొసన చిగురు ఉన్నంతకాలం ఆ మొగ్గలు లేవవు. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ వాటిని అణిచి ఉంచుతుంది. చిగురు తీసేసిన కొద్ది రోజులకే కోత కింద ఉన్న రెండు మొగ్గలూ లేస్తాయి. ఒక కొమ్మ రెండవుతుంది. ఆ రెండింటినీ మళ్లీ కోస్తే నాలుగవుతాయి. అలా కాకుండా ఆకులు మాత్రం గిల్లుకుంటూ చిగురును వదిలేశారనుకోండి, కొమ్మ పైపైకి సాగిపోతుంది, కింద బోడికాడ మిగులుతుంది. "అంతా కాడలే" అన్న బాధకు మూలం ఇదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు విత్తనాల పొట్లం కోసం వెతకనక్కర్లేదు. పుదీనా జాతులు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమవుతాయి. అందుకే విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లి వాసనతోనే వస్తుందన్న నమ్మకం లేదు. పెప్పర్‌మింట్ అయితే అసలే రెండు జాతుల సంకరం, గొడ్డు మొక్క, దానికి పనికొచ్చే విత్తనమే పట్టదు. ఎవరి దగ్గరైనా మంచి వాసన ఉన్న మొక్క కనబడితే దాని కొమ్మే తెచ్చుకోండి. బజారు కట్టయినా చాలు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. పొద్దున్నే వెళితే తెల్లవారుజామున కోసిన ఆకుకూర దొరుకుతుంది. నాటుకోవడానికి అదే కావాలి. పొద్దంతా నీళ్లు చల్లించుకుని సాయంత్రానికి వేడెక్కిన కట్ట వేళ్లు పొయ్యడం కష్టం. ఆకుకూరలమ్మే పెద్దమ్మతో "నాటుకోవడానికమ్మా" అని ఒక మాట అంటే, అడుగున తెల్లటి వేళ్లు ఉన్న కాడలు తనే ఏరి ఇస్తుంది.

వేళ్లున్న కాడయితే ఆకు కూరకు వాడేసుకుని, అడుగు ముక్క మట్టిలో పెట్టేయడమే. వేళ్లు లేకపోతే బలంగా ఉన్న కాడలు తీసుకోండి. మరీ లేత కొస కుళ్లిపోతుంది, మరీ ముదురు కాడ మొండికేస్తుంది. నాలుగైదు అంగుళాల ముక్క, కణుపుకు కాస్త దిగువన కోసి, కింది ఆకులు తీసేసి, పైన రెండు మూడు జంటలు ఉంచండి. గ్లాసు నీళ్లలో కణుపు మునిగేలా పెట్టండి. ఆకు మాత్రం నీళ్లలో మునగకూడదు, మునిగితే నీళ్లు వాసనొస్తాయి. కిటికీ దగ్గర వెలుతురు చాలు, ఎండ వద్దు. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం, పది రోజుల్లో కణుపు దగ్గర తెల్లటి పోగులు కనిపిస్తాయి. అవి అంగుళం పొడవు కాగానే మట్టిలోకి మార్చేయండి. గ్లాసులో జడలు కట్టేదాకా ఉంచితే చూడముచ్చటగా ఉంటుంది గానీ, నీళ్లలో పెరిగిన వేళ్లు పెళుసుగా ఉండి నాటేటప్పుడు తెగిపోతాయి.

ఇక్కడ జాతుల గురించి ఒక మాట చెప్పాలి. నర్సరీల్లో పుదీనా పేరుతో రకరకాల మొక్కలు అమ్ముతున్నారు. కొనేముందు ఒక ఆకు నలిపి వాసన చూడండి. మన పచ్చళ్లలో, బిర్యానీలో వాడే పుదీనాకు కమ్మదనం ఇచ్చేది ప్రధానంగా కార్వోన్ అనే పదార్థం. నలిపిన ఆకు తలనొప్పి బామ్ వాసన వేసిందంటే అది మెంథాల్ ఎక్కువున్న రకం, పచ్చడికి చేదు. మెంథాల్ రకం వేరే సేద్యం. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల జిల్లాల రైతులు దాన్ని పొలాలకు పొలాలు పండించి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. వాళ్లకు కొత్త వంగడాలు ఇచ్చింది లక్నోలోని సీమాప్ పరిశోధన సంస్థ. టూత్‌పేస్టుల్లోకి, బామ్‌లలోకి వెళ్లే మెంథాల్‌ను ఆ నూనె నుంచి తీస్తారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలోనూ మెంథాల్ ఉంది. నుదుటికి రాయగానే చల్లగా అనిపిస్తుంది, నిజానికి చర్మం చల్లబడి కాదు. చలిని పసిగట్టే నాడుల్లోని గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుంది. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఆ గ్రాహకాన్ని విడివిడిగా గుర్తించింది మెంథాల్ సాయంతోనే. వేడిని పసిగట్టే గ్రాహకాన్ని జూలియస్ మిరపకాయ కారంతో పట్టుకున్నారు.

మళ్లీ మన తొట్టి దగ్గరికి వద్దాం. పుదీనాకు లోతు కన్నా వెడల్పు ముఖ్యం. వేళ్లు పైపైనే ఉంటాయి, ఎనిమిది అంగుళాల మట్టి సరిపోతుంది. మొక్క మాత్రం పక్కలకు పాకుతుంది. మట్టి మీదా మట్టి కిందా తీగలు పంపి, ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దించి, కొత్త పిలక లేపుతుంది. ఇరుకు కుండీలో ఆ తీగలు అంచును గుద్దుకుని గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. కొన్నాళ్లకు చుట్టూ పచ్చగా ఉండి నడుమ బట్టతలలా ఖాళీ అవుతుంది. అడుగున చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ టబ్బు, వెడల్పు గ్రో బ్యాగు ఏదైనా సరే. పెరట్లో నేల మీద వేస్తే మాత్రం కట్టడి చేయాలి. అడుగు కోసేసిన బకెట్టును అంచు రెండంగుళాలు పైకి ఉండేలా భూమిలో పాతి, అందులో నాటితే పక్క మడుల్లోకి రాదు.

మట్టి విషయం తొందరగా చెప్పేస్తాను. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక వంతు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. నల్లరేగడి ఒక్కటే వాడితే తడిస్తే ముద్ద, ఆరితే పగుళ్లు. బాగా మాగిన ఎరువు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పుదీనా మనం పచ్చిగా తినే ఆకు. మజ్జిగలో, షర్బత్‌లో, పెరుగు చట్నీలో ఉడకకుండానే నోట్లోకి పోతుంది. పచ్చిపేడ అందులో కలవకూడదు. జీవామృతం పోసేవాళ్లు కూడా పలుచన చేసి మొదట్లో మట్టికే పోయండి, ఆకు మీద చల్లకండి. నగరాల పక్కన మురుగునీటి మీద ఆకుకూరలు పండే చోట్లు ఉన్నాయని మనకు తెలుసు. ఇంటి పుదీనా కోసం ఈ శ్రమ పడటానికి నా దృష్టిలో అదే పెద్ద కారణం. ఏ నీళ్లు తాగి పెరిగిందో మనకు తెలిసిన ఆకు అది.

పుదీనా స్వతహాగా చెమ్మనేలల మొక్క. వాగుల ఒడ్డున, నీళ్లు పారే చోట సంతోషంగా పెరుగుతుంది. అందుకని తొట్టిని బురద చేయమని కాదు. మట్టిలో వేలు పెట్టి చూడండి. పైన అర అంగుళం ఆరి, కింద చెమ్మ తగిలితే నీళ్లు పెట్టే వేళయినట్టు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచొద్దు, వేరు కుళ్లుతుంది, దోమలూ చేరతాయి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయని మొక్కలకు పోస్తున్నారు చాలామంది. ఆ నీళ్లలో లవణాలు మామూలు కంటే ఎక్కువ. చిన్న తొట్టిలో అవి పేరుకుపోయి ఆకు అంచులు మాడతాయి. అవి నేల కడగడానికి వాడుకోండి. బియ్యం కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయండి. బోరునీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో వాన పడినప్పుడు తొట్టిని ఆరుబయట బాగా తడవనివ్వండి, పేరుకున్న ఉప్పు కొంత కిందికి కొట్టుకుపోతుంది.

మన పుదీనాకు అసలు పరీక్ష వేసవి. మే నెలలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండకు డాబా మీద స్లాబు కాలుతుంది, స్లాబు మీది కుండీ కాలుతుంది, కుండీ గోడకు తగిలిన వేరు ఉడికిపోతుంది. పైన ఎన్ని నీళ్లు పోసినా ఆకు వాలే ఉంటుంది, నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం. వేసవిలో చాలా తొట్లు అలాగే కుళ్లి పోతాయి. ముందుగా కుండీని నేల మీద నుంచి లేపండి. రెండు ఇటుకల మీద పెట్టినా కింద గాలి ఆడుతుంది. చుట్టూ గోనెసంచి చుట్టి తడుపుతూ ఉండండి. నల్ల కుండీ కంటే తెల్ల టబ్బు నయం. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపు గోడ వారకు చేర్చండి. అలాంటి చోటు లేకపోతే యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరి పీచో పరిస్తే చెమ్మ నిలుస్తుంది. చిన్న కుండీలకు పొద్దున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి నీళ్లు కావాల్సి రావచ్చు. రోహిణి కార్తె ఎండల్లో మొక్కను మట్టిదాకా కోయకండి, దాని ఆకులే మట్టికి గొడుగు. కొసలు మాత్రం తుంచుతూ ఉండండి. ఆకు చిన్నదై, కాస్త గరుకెక్కితే కంగారుపడొద్దు. తొలకరి పడగానే తేరుకుంటుంది.

వానాకాలంలో ఇబ్బంది వేరు. ఆకు తిప్పి చూస్తే అడుగున నారింజరంగు పొడి మచ్చలు కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆకు మీద తడి ఎక్కువసేపు నిలిచే చోట వస్తుంది. ఆకుల మీద నీళ్లు గుమ్మరించడం మానేసి మొదట్లో పోయాలి, తొట్లను ఎడంగా జరపాలి. తెగులు సోకిన కొమ్మలన్నీ మట్టి మట్టానికి కోసి, ఇంటి కంపోస్టులో వేయకుండా బయట పడేయాలి. చూశారా, ఇక్కడా మందు కత్తెరే. మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ తొట్టి మొత్తం తీసేసి, ఆరోగ్యంగా ఉన్న కొమ్మతో కొత్త మట్టిలో మొదలుపెట్టడం మేలు. చిగుళ్లకు పేనుబంక పడితే, వేసవిలో ఆకు అడుగున ఎర్రనల్లి సన్నటి గూడు అల్లితే, ముందు నీళ్లు జోరుగా కొట్టి కడగండి. తగ్గకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. చల్లాక వారం రోజులు ఆకు కోయకుండా ఉండాలి కదా, అందుకే ముందు కోసుకుని తర్వాత చల్లండి.

ఇక కోత. నాటిన ముక్క నాలుగంగుళాలు లేవగానే కొస తుంచేయండి. ఇంత చిన్న మొక్కనా అనిపిస్తుంది, అయినా తుంచండి. అప్పుడు తుంచని మొక్క ఒంటికాడగా సాగుతుంది, తుంచిన మొక్క మొదటినుంచే కొమ్మలు వేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తొట్టి నిండుతుంది, అసలు కోత అక్కడినుంచి.

రోజువారీ అవసరానికి కొమ్మ కొసలు కోసుకోండి. ఎక్కడ కోయాలన్నది ముఖ్యం. కొమ్మ మీద కిందినుంచి రెండు జంటల ఆకులు ఉంచి, రెండో జంటకు పావంగుళం పైన కత్తెర పెట్టండి. మరీ పైన కోస్తే మిగిలిన మోడు ఎండి నల్లబడుతుంది, మరీ దగ్గరగా కోస్తే మొగ్గ దెబ్బతింటుంది. కత్తెర పదునుగా ఉండాలి. చేత్తో లాగితే లేత వేళ్లు మట్టిలోంచి కదులుతాయి, కాడ నలుగుతుంది. పుదీనా వాసనంతా ఆకు మీద, ముఖ్యంగా అడుగున, కంటికి ఆనని చిన్న చిన్న నూనె తిత్తుల్లో ఉంటుంది. భూతద్దం పెడితే మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి. నలిపితే అవి పగిలి నూనె గాలిలో కలిసిపోతుంది. వంటింట్లో రావలసిన వాసన పెరట్లోనే పోతుందన్నమాట.

బిర్యానీకో, నలుగురు చుట్టాలొచ్చినప్పుడు పచ్చడికో ఎక్కువ ఆకు కావలసినప్పుడు తొట్టి మొత్తం ఒకేసారి కోసేయండి. మట్టికి రెండంగుళాల ఎత్తున, గడ్డి కోసినట్టే. వేసవి తప్ప మిగతా కాలాల్లో దీనికి భయపడనక్కర్లేదు. కోసిన వెంటనే గుప్పెడు వర్మీకంపోస్టు చల్లి, పైమట్టి కాస్త కదిపి నీళ్లు పెట్టండి. నెల, నలభై రోజుల్లో మళ్లీ కోతకు వస్తుంది. నలుగురున్న ఇంటికి రెండు తొట్లు పెట్టుకోమంటాను నేను. ఒకటి కోస్తే ఇంకొకటి పెరుగుతూ ఉంటుంది, ఏ రోజూ ఆకు లేదనే మాట రాదు. కోసే వేళ పొద్దున, మంచు ఆరి ఎండ ముదరకముందు.

మన ప్రాంతంలో ఈ పుదీనా పూయడం తక్కువ. పూతకు పొడవాటి పగళ్లు కావాలి దానికి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మన పిల్లల పెరళ్లలో మాత్రం వేసవిలో లేత ఊదారంగు కంకులు వేస్తుంది. పూతకు వచ్చిన కొమ్మ ఆకు గిడసబారుతుంది, కాబట్టి మొగ్గ కనబడగానే కోసుకోమనండి. తేనెటీగల కోసం ఒకటి రెండు కొమ్మలు వదిలినా మంచిదే. అక్కడ చలికాలంలో మంచు పడితే పైమొక్క మొత్తం ఎండిపోతుంది. చచ్చిపోయిందని తవ్వి పారేయొద్దని చెప్పండి. కింద తీగలు బతికే ఉంటాయి, వసంతంలో లేస్తాయి.

కోసుకున్న ఆకును వెంటనే కడగకండి. తడి ఆకు ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టి, వాడే ముందు రెండు మూడు నీళ్లలో కడగండి. ఆకు మిగిలిపోతే నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు. ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి.

పచ్చడి దగ్గర ఒక జాగ్రత్త. పచ్చిమిర్చి, నువ్వులు ముందు వేయించి తీసేశాక, పుదీనాను చివర వేసి, ఆకు వాలగానే పొయ్యి కట్టేయండి. నూనెలో నల్లబడేదాకా ఉంచితే చేదు దిగుతుంది. లేత కాడలు కూడా వేయండి, రోట్లో మెత్తగా నలుగుతాయి. ముదురు కాడలుంటే చారు మరిగేటప్పుడు కట్టగట్టి వేసి తర్వాత తీసేయొచ్చు.

ఎంత బాగా చూసుకున్నా ఏడాది తిరిగేసరికి తొట్టి వేళ్లతో నిండిపోతుంది. నీళ్లు పోస్తే ఇంకకుండా పైనే నిలుస్తాయి, ఆకు చిన్నదవుతుంది. అప్పుడు మొత్తం బోర్లించండి. నడుమ ఉన్న ముదురు, గోధుమరంగు ముద్ద పారేయండి. అంచుల వెంట తెల్లగా, పుల్లంత మందాన ఉన్న కొత్త తీగలు ఏరుకోండి. నాలుగంగుళాల ముక్కలు చేసి, కొత్త మట్టిలో అడ్డంగా పడుకోబెట్టి, పైన అంగుళం మట్టి కప్పండి. దీనికి జూన్ మొదటి పక్షం దాటాక, నాలుగు వానలు పడి నేల చల్లబడిన రోజులు అనువైనవి. మృగశిర కార్తెలో ఇలా మార్చి నాటిన తొట్టి శ్రావణమాసానికి మొదటి కోతకు వస్తుంది.